మన పెరటి తేనెపిట్ట



మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఉండే మీలో చాలామంది ఒక చిన్న పిట్టను చూసే ఉంటారు. బొటనవేలంత ఒళ్ళు, వంకర తిరిగిన సూదిముక్కు. ఎండ తగిలితే తళతళా మెరుస్తుంది. మందారపువ్వు దగ్గరికి రివ్వున వచ్చి, ఒక్క క్షణం గాలిలో అలాగే నిలబడి, తేనె తాగి పోతుంది. దాన్ని చూసి కొందరు, "అదిగో, హమ్మింగ్ పక్షి!" అంటారు. పెద్దవాళ్ళలో కూడా అలా అనేవారున్నారు.

అది హమ్మింగ్ పక్షి కాదు. దాని పేరు తేనెపిట్ట. కుప్పం మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసేచోట ఉన్నది గదా, అక్కడి పిల్లలకు దాని మిగతా పేర్లు కూడా తెలిసి ఉండవచ్చు. తమిళంలో దాన్ని తేన్ చిట్టు అంటారు, కన్నడంలో సూరక్కి అంటారు. ఈ నెల మనం ఈ రెండు పక్షులను గురించీ చెప్పుకుందాం. హమ్మింగ్ పక్షి ఎవరో తెలిస్తే, మన తేనెపిట్ట ఎంత గొప్పదో కూడా తెలుస్తుంది.

హమ్మింగ్ పక్షులు అమెరికా ఖండాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా స్వేచ్ఛగా జీవించవు. వాటిలో సుమారు 360 జాతులున్నాయి. "హమ్మింగ్" అంటే ఝుంకారం చెయ్యటం. రెక్కలు అతి వేగంగా ఆడటం వల్ల తుమ్మెద రొదలాంటి చప్పుడు వస్తుంది, అందుకే ఆ పేరు. మీ ఇంట్లో పైకప్పుకు వేలాడే పంకా సెకనుకు ఐదారు చుట్లు తిరుగుతుంది. క్యూబా దీవిలో ఉండే అతి చిన్న హమ్మింగ్ పక్షి సెకనుకు 80 సార్ల దాకా రెక్కలాడిస్తుంది! ఆ పక్షి ముక్కు నుంచి తోక దాకా కలిపి ఐదారు సెంటీమీటర్లు మాత్రమే. బరువు సుమారు 2 గ్రాములు. అంటే మనం వాడే రూపాయి బిళ్ళకన్నా తేలిక. ప్రపంచంలోని పక్షులన్నిటిలోకీ అదే చిన్నది.

క్యూబాకు దక్షిణంగా జమైకా అనే దీవి ఉన్నది. అక్కడి హమ్మింగ్ పక్షి ఆ దేశానికి జాతీయ పక్షి. మగపక్షి ఒళ్ళంతా మెరిసే ఆకుపచ్చ. తల నలుపు, ముక్కు ఎరుపు, ముక్కు కొన మళ్ళీ నలుపు. తోకలో రెండు ఈకలు ఒంటికన్నా పొడుగ్గా, నల్లని రిబ్బన్లలాగా వేలాడుతూ ఉంటాయి. ఆ ఈకలతో కలిపి దాని పొడుగు సుమారు 25 సెంటీమీటర్లు. ఆడపక్షికి ఆ రిబ్బన్లు ఉండవు, పొట్ట తెల్లగా ఉంటుంది. జమైకా ప్రజలు దీన్ని "డాక్టర్ పక్షి" అంటారు. ఆ తోక పూర్వపు డాక్టర్లు తొడుక్కున్న పొడుగుతోకల కోటులాగా ఉంటుందని ఆ పేరు వచ్చిందట. కొండల మీది అడవుల్లోనూ, ఇళ్ళ తోటల్లోనూ కూడా అది తిరుగుతుంది. కాని జమైకా దీవిని దాటి మరెక్కడా కనిపించదు.

ఇక మన సంగతి చూద్దాం. మన ప్రాంతంలో ముఖ్యంగా మూడు రకాల తేనెపిట్టలున్నాయి. వాటిని గుర్తుపట్టటం కష్టం కాదు.

మొదటిది ఊదారంగు తేనెపిట్ట. జత కట్టే కాలంలో మగది దూరం నుంచి చూస్తే నల్లగా ఉంటుంది. ఎండలో దగ్గర నుంచి చూస్తే నీలం, ఊదా కలిసి మెరుస్తుంది. ఆ కాలం గడిచాక అది ఈకలు మార్చుకుంటుంది. అప్పుడు దాని పొట్ట పసుపురంగుగా ఉండి, గొంతు నుంచి కిందికి ఒక నల్లని చార మాత్రం మిగులుతుంది. ఈ సంగతి తెలియనివారు ఒకే పిట్టను చూసి రెండు పిట్టలనుకుంటారు.

రెండవది ఊదా నడుము తేనెపిట్ట. ఇళ్ళ దగ్గర ఎక్కువగా కనబడేది ఇదే. మగదాని వీపు ముదురు ఎరుపు, పొట్ట పసుపు, నెత్తిన ఆకుపచ్చని మెరుపు, గొంతు మీదా నడుము మీదా ఊదా మెరుపు. ఇది మొదటిదానిలాగా ఈకల రంగు మార్చదు. ఆడదానికి గొంతు తెలుపు, ఎద లేతపసుపు. దీని బరువు కాస్త అటూ ఇటూగా పది రూపాయల బిళ్ళ బరువే ఉంటుంది!

మూడవది పొడుగుముక్కు తేనెపిట్ట. దీని ముక్కు మిగతా రెంటి ముక్కులకన్నా పొడుగు, వంపు కూడా ఎక్కువ. మగదాని ఎదమీద ముదురు ఎరుపు పట్టీ ఉంటుంది. ఇంగ్లీషువారు దీన్ని "లోటెన్ తేనెపిట్ట" అంటారు. లోటెన్ అనే ఆయన 18వ శతాబ్దంలో సింహళంలో డచ్చి గవర్నరుగా ఉండేవాడు. ఆయన పేరే ఈ పిట్టకు పెట్టారు. ఇది మన దక్షిణదేశంలోనూ, శ్రీలంకలోనూ ఉన్నది.

మరి తేనెపిట్టకూ, హమ్మింగ్ పక్షికీ తేడా ఏమిటి?

హమ్మింగ్ పక్షి గాలిలో ఒకేచోట ఎంతసేపైనా నిలబడి తేనె తాగగలదు. ముందుకే కాదు, వెనక్కి కూడా ఎగరగలదు. తేనెపిట్ట గాలిలో నిలబడటం కొద్ది క్షణాలు మాత్రమే. అది కొమ్మమీదనో, కాడమీదనో వాలి, ఒళ్ళంతా వంచి, ఒక్కొక్కసారి తలకిందులుగా వేలాడి తేనె తాగుతుంది. పువ్వులు కూడా ఈ తేడాను ఎరిగినట్టే ఉంటాయి. అమెరికాలో హమ్మింగ్ పక్షులు వచ్చే పువ్వులు చాలావరకు పక్షి వాలటానికి చోటు లేకుండా, గాలిలోకి వేలాడుతూ ఉంటాయి. మన వైపు తేనెపిట్టలు వచ్చే పువ్వుల పక్కన గట్టి కాడో, కొమ్మో ఉంటుంది. మాఘ ఫాల్గుణాల్లో ఆకులు రాలి ఎర్రగా పూచిన మోదుగచెట్టును చూడండి. తేనెపిట్టలు ఆ కొమ్మల మీద కూర్చుని ఎంత తాపీగా విందు చేసుకుంటాయో తెలుస్తుంది.

ఒక తమాషా చెబుతాను. తేనెపిట్టకు హమ్మింగ్ పక్షి దూరపు చుట్టం. కాకి దానికన్నా దగ్గర చుట్టం! కాకీ, పిచ్చుకా, తేనెపిట్టా ఒకే పెద్ద గుంపులోవి. హమ్మింగ్ పక్షి వేరే గుంపులోది. సాయంకాలం గుడిగోపురం చుట్టూ కీచుకీచుమంటూ గుంపుగా తిరిగే, కొడవలిలాంటి రెక్కల చిన్న నల్లపక్షులున్నాయే, వాటిని స్విఫ్టులంటారు. హమ్మింగ్ పక్షికి అవి చుట్టాలు.

చుట్టరికం లేకపోతే రెంటికీ ఒకే పోలిక ఎలా వచ్చింది? పని ఒకటి కావటం వల్ల వచ్చింది. లోతు బావిలో నీళ్ళు తోడాలంటే ఏ దేశంవాడైనా చేదకు పొడుగు తాడే కడతాడు. ఒకడు ఇంకొకడి దగ్గర నేర్చుకోనక్కర్లేదు. అలాగే గొట్టంలాంటి పువ్వు అడుగున ఉన్న తేనె అందాలంటే సన్నని పొడుగు ముక్కు కావాలి, సన్నని పొడుగు నాలుక కావాలి, ఒళ్ళు తేలికగా ఉండాలి. లక్షల ఏళ్ళలో ఈ లక్షణాలున్నవి బాగా బతికి, పిల్లలను కన్నాయి. ఒక ఖండంలో హమ్మింగ్ పక్షీ, ఇంకో ఖండంలో తేనెపిట్టా అలా విడివిడిగా తయారయ్యాయి.

ఆ మెరుపు రంగు సంగతి కూడా ఇటువంటిదే. తలంటి పోసుకునేటప్పుడు కుంకుడుకాయ నురుగులోని బుడగలను చూశారా? కుంకుడు రసంలో నీలం లేదు, ఆకుపచ్చ లేదు. అయినా బుడగ మీద ఆ రంగులు కదులుతూ ఉంటాయి. వెలుగు బుడగ పొర పైభాగం మీదా, లోపలి భాగం మీదా పడి, తిరిగి వచ్చి కలవటం వల్ల ఆ రంగులు పుడతాయి. తేనెపిట్ట ఈకలోనూ, హమ్మింగ్ పక్షి ఈకలోనూ కంటికి కనపడనంత సన్నని పొరలున్నాయి. అందుకే మీరు నిలబడ్డ చోటు మారితే పిట్ట రంగు కూడా మారుతుంది. మబ్బు పట్టిన రోజున ఉత్త నలుపుగా కనిపిస్తుంది. నెమలి పింఛం మెరుపు కూడా ఇటువంటిదే.

"అయితే హమ్మింగ్ పక్షి మన దేశానికి ఎందుకు రాలేదు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. మదనపల్లె మార్కెట్టులో గుట్టలుగా పోసే టమోటా పుట్టిల్లు అమెరికా. చిత్తూరు సీమ చేలల్లో పండే వేరుశనగ, అంటే మీరు చెనిక్కాయలనేవి, వాటి పుట్టిల్లూ దక్షిణ అమెరికాయే. మిరపకాయా అక్కడి నుంచి వచ్చిందే. 1492లో కొలంబసు ప్రయాణం తరవాత ఇవన్నీ ఓడలెక్కి, ఒక్కొక్కటిగా మన దేశం చేరినవి. విత్తనానికి ఆకలి లేదు, నెలల తరబడి మూటలో నిద్రపోగలదు. హమ్మింగ్ పక్షి అలా కాదు. దాని ఒళ్ళు ఎప్పుడూ మండే పొయ్యిలాంటిది. మేలుకుని ఉన్నంతసేపూ కొద్దికొద్దిసేపటికి తేనె పడాలి. రాత్రిపూట చాలా జాతులు ఒంటివేడిని బాగా తగ్గించుకుని, దాదాపు మొద్దుగా పడి ఉండి ఆ పొయ్యిని ఆదా చేసుకుంటాయి. అటువంటిది మహాసముద్రాలను దాటి ఎలా రాగలదు? కాని దాని పువ్వులు కొన్ని వచ్చాయి. తోటల్లో కంచెగా పెంచే, నారింజ రంగు గొట్టాలలాంటి పూలు పూచే హమీలియా మొక్క అమెరికాది. అక్కడ దాని తేనెను హమ్మింగ్ పక్షులు తాగితే, ఇక్కడ మన తేనెపిట్టలు తాగుతున్నాయి. అతిథి ఇల్లు మారితే వడ్డించేవారు మారినట్టు, ఇక్కడ పువ్వు ఇల్లు మారితే తినేవారు మారారు.

తేనెపిట్ట తాగిపోయే తేనెకు బదులుగా పువ్వుకు ఏమిస్తుంది? దాని నుదుటికీ, ముక్కుకూ పుప్పొడి అంటుకుంటుంది. దాన్ని ఇంకో పువ్వుకు చేరవేస్తుంది. అప్పుడే కాయ పడుతుంది. అయితే అది ఎప్పుడూ బుద్ధిమంతురాలు కాదు. గొట్టం మరీ పొడుగైతే పువ్వు అడుగున ముక్కుతో పొడిచి, దొడ్డిదారిన తేనె లాగేస్తుంది. అప్పుడు పువ్వుకు ఏమీ దక్కదు.

ఇంకొక సంగతి మీ నాయనకో, తాతకో మామిడితోట ఉంటే వారికి బాగా తెలుసు. మామిడికొమ్మల మీద బదనిక అనే మొక్క పుట్టి, చెట్టు సారం పీల్చుకుని బతుకుతుంది. దాని పూలు గొట్టాలలాగా ఉంటాయి. వాటికి పుప్పొడి చేర్చేది ముఖ్యంగా తేనెపిట్టే. బదనిక పండ్లను తినేది మరొక బుల్లిపిట్ట. అది తేనెపిట్టకన్నా కూడా చిన్నది, బూడిదరంగుది. ఆ పండులోని విత్తనం జిగురుగా ఉంటుంది. బుల్లిపిట్ట దాన్ని వదిలించుకోవటానికి కొమ్మకు రాస్తుంది. విత్తనం అక్కడే అంటుకుని మొలుస్తుంది. ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ ఈ ఇద్దరి భాగస్వామ్యాన్ని కొంకణదేశంలో పరిశీలించి, 1931లో ఒక వ్యాసం రాశాడు. మరి తోటగలవారు తేనెపిట్టను తరమాలా? అక్కర్లేదు. బదనిక పండ్లు పండకముందే ఆ కొమ్మను కోసేస్తే చాలు. పైగా తేనెపిట్ట పురుగులనూ, సాలెపురుగులనూ కూడా తింటుంది. దాని పిల్లలకు ముఖ్యంగా పెట్టేదీ అవే. తేనె తీపే గాని, దానిలో పిల్లల ఒళ్ళు పెరగటానికి కావలసిన మాంసకృత్తులు లేవు.

ఇప్పుడు అసలైన సంగతికి వస్తున్నాను. పిల్లలూ, పెద్దలూ ఇది శ్రద్ధగా చదవాలి.

తేనెపిట్ట గూడు ఎలా ఉంటుందో తెలుసా? చెత్తలాగా ఉంటుంది! సాలెగూడు దారాలతో గడ్డిపోచలు, ఎండుటాకులు, బెరడు ముక్కలు, పురుగుల విసర్జనలు కలిపి, కొమ్మ చివర వేలాడే సంచీలాగా ఆడపిట్ట అల్లుతుంది. పైభాగాన ఒక పక్కగా వాకిలి, ఆ వాకిలికి చూరులాంటి చిన్న పంచ. లోపల మెత్తని దూది పరుపు. దూరం నుంచి చూసేవాడికి బూజులో చిక్కుకున్న చెత్త అనిపిస్తుంది. పాములనూ, కాకులనూ మోసం చెయ్యటానికి అదే ఉపాయం. హమ్మింగ్ పక్షి కూడా సాలెగూడు దారాలే వాడుతుంది గాని, అది కట్టేది వేలాడే సంచీ కాదు, కొమ్మమీద కూర్చునే చిన్న గిన్నె.

కాకిని మోసం చేసిన ఆ ఉపాయమే మన ఇంట్లో దాని ప్రాణం మీదికి వస్తుంది. తేనెపిట్టకు మనుషులంటే అంత భయం లేదు. వసారాలో వేలాడే తీగకో, బట్టలారేసే దండానికో, గుమ్మం పక్క మల్లెతీగకో గూడు కడుతుంది. పండుగ వస్తున్నదని అవ్వో, అమ్మో బూజుకర్ర పుచ్చుకుని ఇల్లు దులిపేటప్పుడు, ఆ "చెత్త" కూడా ఒక్క దెబ్బతో కిందపడుతుంది. అందులో సాధారణంగా రెండు గుడ్లుంటాయి. పొదగటానికి సుమారు పదిహేను రోజులు, పిల్లలు ఎగిరిపోవటానికి ఇంకో పదిహేడు రోజులు. మొత్తం మీద నెలరోజుల చిల్లర. నెల ఆగితే ఆ బూజు మీరు దులపనక్కర్లేకుండానే ఖాళీ అవుతుంది. కనుక పండుగ దులుపుడుకు ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూసే ఉద్యోగం మీది. వేలాడే చెత్తకు పక్కగా గుండ్రని రంధ్రం కనిపిస్తే, "అమ్మా, అది ఇల్లు!" అని చెప్పండి. మన దేశంలో 1972లో చేసిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా తేనెపిట్టలను పట్టటాన్నీ, వాటి గుడ్లు తియ్యటాన్నీ నిషేధిస్తున్నది.

మన పిట్టకు ఊళ్ళున్నాయి, కొండలున్నాయి, ఎక్కడికైనా పోగలదు గదా అనుకోకండి. దీవిలో ఉండే పక్షికి ఏమవుతుందో వినండి. చిలీ దేశానికి పడమరగా సముద్రంలో ఒక దీవి ఉన్నది. 1704 నుంచి 1709 దాకా అలెగ్జాండర్ సెల్‌కర్క్ అనే నావికుడు అక్కడ ఒంటరిగా బతికాడు. అతని కథే రాబిన్సన్ క్రూసో కథకు మూలమంటారు. ఇప్పుడు ఆ దీవి పేరే రాబిన్సన్ క్రూసో దీవి. అక్కడ ఒక హమ్మింగ్ పక్షి ఉన్నది. మగది ఇటుకరంగు, ఆడది నీలం ఆకుపచ్చల మెరుపుతో తెల్లని పొట్టది. మనుషులు తెచ్చిన పిల్లులు దాన్ని వేటాడాయి. మనుషులు తెచ్చిన ముళ్ళపొదలు దానికి తేనె ఇచ్చే చెట్లను కమ్మేశాయి. పక్కనున్న మరో దీవిలో ఆ పక్షి ఎప్పుడో అంతరించింది. ఇప్పుడు ఈ ఒక్క దీవిలోనే మిగిలి ఉన్నది. ప్రపంచంలో అంతరించే ప్రమాదం మరీ దగ్గరైన పక్షుల్లో అదీ ఒకటి.

దీనికి ఎదురు ఉదాహరణ మీ పక్కనే ఉన్నది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషీవ్యాలీ పాఠశాలను మీరెరుగుదురు. ఆ పొడినేల లోయలో ఏళ్ళ తరబడి చెట్లు నాటి, వాననీటిని ఆపి, పక్షులకు హాని జరక్కుండా చూశారు. రెండువందలకు పైగా పక్షిజాతులను అక్కడ గుర్తించారు. 1991లో ఆ లోయను పక్షుల ఆశ్రయంగా ప్రకటించారు. చెట్టు వస్తే పువ్వు వచ్చింది, పువ్వు వస్తే పిట్ట వచ్చింది. పుంగనూరు ఆవును చూడండి. మూడడుగుల ఎత్తున్న ఆ ఆవు కూడా తగ్గిపోతూ వచ్చి, మనుషులు పట్టించుకున్న తరవాతనే మళ్ళీ నిలదొక్కుకుంటున్నది. చిన్నదానికి శత్రువుకన్నా మన ఏమరుపాటే ఎక్కువ ప్రమాదం.

ఇక ఈ నెల మీరు చెయ్యవలసిన పని. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఇంటి దగ్గరో, బడి దగ్గరో తేనెపిట్ట కనిపించినప్పుడల్లా నాలుగు సంగతులు రాయండి: తేదీ, వేళ, ఏ పువ్వు మీద వాలింది, మగదా ఆడదా. వాలి తాగిందా, గాలిలో నిలబడి తాగిందా, దొడ్డిదారిన పొడిచిందా అన్నది కూడా రాయండి. హార్సిలీ కొండకు విహారం వెళితే అక్కడ చూసినవి విడిగా రాయండి. ఆ కొండ సముద్రమట్టానికి నాలుగువేల అడుగుల పైన ఉన్నది, కనుక అక్కడి లెక్క మీ ఊరి లెక్కతో పోల్చి చూడటం సరదాగా ఉంటుంది. గూడు కనబడితే దూరం నుంచే చూడండి. చేత్తో తాకవద్దు. మాటిమాటికీ దగ్గరకు పోతే తల్లి గూడు వదిలిపెట్టవచ్చు. అద్దంలో తన నీడను చూసి, శత్రువనుకుని మగపిట్ట పొడుస్తూ ఉంటే, నవ్వుకుని ఊరుకోక అద్దానికి ఒక గుడ్డ కప్పండి. దాని శ్రమ తగ్గుతుంది.

ఆరు నెలలు ఇలా రాసి చూడండి. మీ వీధిలో ఏ పువ్వు ఏ నెలలో పూస్తుందో, ఏ నెలలో తేనెపిట్టకు తిండి కరువో ఆ పుస్తకమే మీకు చెబుతుంది. కరువు నెలలో పూచే మొక్క ఒకటి తెచ్చి మీ గుమ్మం పక్క నాటండి. మందారమైనా సరే, అరటి అయినా సరే.

వచ్చే నెల, గోపురం చుట్టూ తిరిగే ఆ కొడవలి రెక్కల స్విఫ్టు కథ చెప్పుకుందాం.